ఫోన్లు వచ్చేదాకా

మేము ఇథియోపియాలో ఉండి వచ్చామని తెలిస్తే రాజమండ్రిలో ఎవరైనా మొదట అడిగేది ఒకటే. "అక్కడ తినడానికి ఏమైనా దొరికేదాండి?" అడిగేవాళ్ళకి ఆ దేశం మ్యాపులో ఎక్కడుందో తెలియదు. తెలుసుకోవాలని కూడా ఉండదు. జాలిపడడానికి ఒక పేరు కావాలి, అంతే. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత "మీ ఇంట్లో కంటే బాగానే తిన్నామండి" అనడం మొదలుపెట్టాను. నా నోటి గురించి అత్తవారి వైపు ఉన్న అభిప్రాయం దాంతో మరింత గట్టిపడింది. పడనీ.

మా ఆయన ఇక్కడ ఒక ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పేవారు. జీతం ఇచ్చిన నెల ఇచ్చినట్టు, లేని నెల లేనట్టు. అప్పటికే అక్కడి యూనివర్సిటీల్లో మన గోదావరి జిల్లాల లెక్చరర్లు చాలామంది ఉండేవారు. ఒకరి వెనక ఒకరు వెళ్ళినట్టే ఈయనా వెళ్ళారు. నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం మానుకుని, ఏడేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. దేశానికి ఉత్తరాన, కొండల మధ్య ఉన్న పట్నం. రాతి గోడల ఇల్లు. సగంలో మేము, సగంలో ఇంటావిడ, ఆవిడ కూతురు. ఇంటాయన పోయి చాలాకాలమైందట. ఆవిడ పెద్ద మట్టి పెనం మీద పుల్లట్లు పోసి హోటళ్ళకి వేసేది. ఆవిడ కూతురూ మా పిల్లా ఒక ఈడువాళ్ళు.

ఆవిడకి ఇంగ్లీషు రాదు. మాకు వాళ్ళ భాష తిగ్రిన్యా రాదు. మా ఆయన యూనివర్సిటీలో ఇంగ్లీషుతో నెట్టుకొచ్చేవారు. నేనేమో చేతులతో, తలతో. మా పిల్లకి మాత్రం ఆరు నెలలు తిరక్కుండానే ఆ భాష వచ్చేసింది. పెరట్లో ఆడుకుంటూ నేర్చేసుకుంది. ఆ భాషలో గొంతులో టక్కున తెగిపోయే ఒక 'క' ఉంటుంది. గొంతు అడుగు నుంచి తోడుకొచ్చినట్టుండే ఒక 'హ' ఉంటుంది. నేను అద్దం ముందు నిలబడి ఎంత ప్రయత్నించినా దగ్గొచ్చేది తప్ప మాట వచ్చేది కాదు. అది నన్ను చూసి పడీ పడీ నవ్వేది.

అది మా ఇంట్లో దుబాసీగా కుదురుకున్నది మొదటి క్రిస్మస్‌కి. మనవాళ్ళ అలవాటు ప్రకారం డిసెంబరు ఇరవయ్యైదున చికెన్ పలావు, కజ్జికాయలు పళ్ళెంలో సర్ది, పైన గుడ్డ కప్పి, ఇంటావిడకి పట్టుకెళ్ళాను. వాళ్ళూ క్రైస్తవులే కదా అన్న ధీమా. ఆవిడ రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, పక్కన పెట్టేసింది. ముట్టుకోలేదు. నాకు మనసు చివుక్కుమంది. అప్పుడు మా పిల్ల లోపలికీ బయటికీ రెండుసార్లు తిరిగొచ్చి చెప్పింది.

"అమ్మా, వాళ్ళ క్రిస్మస్ జనవరిలోనంట. ఇప్పుడు ఉపవాసాలంట. మాంసం, గుడ్డు, పాలు ఏవీ తినరంట. నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదంట."

"మరి ఈ పలావు ఏం చేస్తుందే?"

"నువ్వు చూడనప్పుడు మన గుమ్మంలో పెట్టేద్దామనుకుందంట."

ఇద్దరు ఆడవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. జనవరిలో ఆవిడ మాకు గిన్నెడు కోడికూర తెచ్చి ఇచ్చింది, కారం మనవాళ్ళే ఓడిపోయేంత.

మూడేళ్ళు అలా గడిచాయి. ఒక పొద్దున లేచేసరికి ఫోన్లు లేవు. ఇంటర్నెట్టు లేదు, కరెంటు లేదు, బ్యాంకులు మూసేశారు. ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారో కూడా తెలియని యుద్ధం మా మీదకొచ్చి పడింది. మొదటిసారి పేలుడు వినబడ్డప్పుడు ఈయన "క్వారీలో బ్లాస్టింగ్ అయ్యుంటుంది" అన్నారు. సివిల్ ఇంజనీరు కదా. రెండో పేలుడికి కిటికీ అద్దం పగిలింది.

ఇంటావిడ వచ్చి మా తలుపు బాది, మమ్మల్ని తన వైపున్న కిటికీ లేని రాతి గదిలోకి లాక్కెళ్ళింది. ఆ తర్వాత మేము తిన్నది ఆవిడ పిండే, తాగింది ఆవిడ పట్టుకున్న నీళ్ళే. బయట ఏం జరుగుతుందో చర్చి దగ్గర విని వచ్చి, గబగబా చెప్పేది. మా పిల్ల అంతే గబగబా మాకు తెలుగులో చెప్పేది.

"తలుపు దగ్గర కూర్చోవద్దంట. ఆ మూలకి జరగమంటుంది."

"రేపు నీళ్ళు రావంట. బకెట్లు ఇప్పుడే నింపుకోమంటుంది."

"నాన్నా, బయట కనబడిన మగాళ్ళని పట్టుకుంటున్నారంట. వెళ్ళొద్దంటుంది."

పదేళ్ళ పిల్ల. మేమిద్దరం పీజీలు చేసి, జీవితమంతా క్లాసుల్లో నోరు పెట్టుకుని బతికినవాళ్ళం. ఆ గదిలో మా ప్రాణాలు దాని నాలుక మీద ఉన్నాయి. రాత్రయితే ఇంటావిడ దీపం ఆర్పేసి పరలోక ప్రార్థన చెప్పేది. ఆ చీకటిలో ఇద్దరు పిల్లలూ ఆవిడ చెప్పినట్టే చెప్పేవారు. బయట చప్పుడు పెద్దదైతే ఆవిడ గొంతు పెంచేది. పిల్లలూ పెంచేవారు.

కొన్ని వారాలకి, విదేశీ స్టాఫుని బళ్ళలో రాజధానికి పంపిస్తున్నారన్న కబురు కూడా ఆవిడే తెచ్చింది. బళ్ళతో వచ్చినవాళ్ళని నేను అడిగాను, ఈ తల్లీకూతుళ్ళని కూడా ఎక్కించుకోండని. పాస్‌పోర్టులు చూపించమన్నారు. వాళ్ళ దేశంలో వాళ్ళ ఇంటి ముందు నిలబడి వాళ్ళనే పాస్‌పోర్టు అడిగారు. నేను అరిచాను. అరిచి ఏం లాభం? బండెక్కాం. ఇంటావిడ కిటికీలోంచి మా పిల్ల చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పింది.

"ఏమంటోందే?"

"ఫోన్లు రాగానే చెయ్యమంటుంది. నాన్న ఇంగ్లీషు తనకి రాదు కాబట్టి నన్నే చెయ్యమంటుంది. నేనే మాట్లాడాలంట."

"చేస్తానని చెప్పు."

"చెప్పానమ్మా."

రాజమండ్రి వచ్చి బావగారింట్లో దిగాం. మా ఆయన అన్నగారు. చర్చి సంఘంలో పెద్ద, కమిటీ సెక్రటరీ. మనిషి చెడ్డవాడు కాదు. మా కోసం ఆయన వారాల తరబడి ప్రార్థన పెట్టించిన మాట నిజం. కానీ మేము బతికొచ్చాక ఆ బతకడం ఆయన సొత్తయిపోయింది. "మా ప్రార్థనల వల్లేనమ్మా, మీ ఒంటి మీద గీత పడలేదు" అని వచ్చినవాళ్ళందరి ముందూ చెప్పేవారు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"మరి మా ఇంటావిడ కూడా తెల్లవారకముందే లేచి నిలబడి ప్రార్థన చేసేది బావగారూ. ఆవిడనెందుకు ఎక్కించుకోలేదండి ఆ బండిలో?"

"అలా అడక్కూడదమ్మా" అన్నారు. ఎలా అడగాలో మాత్రం చెప్పలేదు.

చర్చిలో మా కోసం కృతజ్ఞత కూడిక పెట్టారు. గేటుకి మా ఫొటోతో ఫ్లెక్సీ కట్టించారు. పాటలయ్యాయి, ఈయన సాక్ష్యం చెప్పారు, నాలుగు ముక్కల్లో ముగించారు. అక్కడితో ఆగితే బాగుండేది. మన సంఘాల్లో పిల్ల కనబడితే చాలు, చేతిలో మైకు పెట్టి ఏదో ఒకటి చెప్పించాలి. వచనమో, పాటో, యాక్షన్ సాంగో. బావగారు లేచి, మా పిల్లని ముందుకి పిలిచి, "ఇప్పుడు మా తమ్ముడి కూతురు ఆఫ్రికా భాషలో పరలోక ప్రార్థన చెబుతుంది, అందరూ వినాలి!" అని ప్రకటించారు. నన్నడగలేదు. పిల్లనీ అడగలేదు.

అది నా వైపు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది. వాళ్ళందరికీ అది ఒక ఐటం. దానికి మాత్రం ఆ ప్రార్థన చెప్పడమంటే ఆ చీకటి గదిలో స్నేహితురాలి పక్కన కూర్చోవడమే. గొంతు పెంచి మొదలుపెట్టింది, అక్కడ చెప్పినట్టే. ఆ తెగే 'క' రాగానే ముందు చాపల మీద కూర్చున్న పిల్లలు కిసుక్కుమన్నారు. ఇంకో రెండు మాటలకి, క్వయర్‌లో ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. బావగారు మైకు తీసుకుని నవ్వుతూ అన్నారు కదా:

"ఇదేం భాషమ్మా తల్లీ! గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టుంది!"

హాలంతా గొల్లుమంది. నవ్వకుండా ఉన్నది బహుశా నేనూ, నా కూతురూ. ఈయన నవ్వారో లేదో ఇప్పటికీ నేను అడగలేదు. అడిగితే నిజం చెబుతారని భయం.

పిల్ల సగంలో ఆపేసి, దిగొచ్చి నా పక్కన కూర్చుంది. ఏడవలేదు. నేను లేచి నిలబడ్డాను. "అది ప్రార్థన బావగారూ. మీరు రోజూ చెప్పే ప్రార్థనే. నవ్వడానికేముందండి అందులో?" అన్నాను. పాస్టరుగారు "సిస్టర్, దయచేసి కూర్చోండి, ఆరాధనలో ఉన్నాం" అన్నారు. నవ్వినప్పుడు ఆరాధనలో లేరు, నేను లేచేసరికి ఉన్నారు. ఈయన నా కొంగు పట్టుకుని లాగారు.

ఇంటికొచ్చాక యుద్ధం. అదేం కొత్త కాదుగా మాకు.

"సరదాకి అన్నానమ్మా. పిల్లలన్నాక నవ్వరా?" అన్నారు బావగారు.

"పిల్లలు నవ్వారు సరే. మైకు పిల్లల చేతిలో ఉందాండి?"

మా అత్తయ్యగారు మధ్యలోకొచ్చారు. ఆవిడకి మనవరాలంటే ప్రాణం. దాన్ని ఒళ్ళోకి లాక్కుని, తల నిమురుతూ, "పోనీలే బంగారం. ఇంక ఆ భాషతో మనకేం పని? మర్చిపో. అది మర్చిపోతే ఆ బాంబులూ అవీ కూడా గుర్తురావు" అన్నారు. ప్రేమగానే అన్నారు. ప్రేమగా అన్న మాటకి ఎదురు చెప్పడం ఎంత కష్టమో, అంత అవసరం కూడా. చెప్పాను.

"మర్చిపోకూడదు అత్తయ్యా. ఫోన్లు వచ్చేదాకా అది దానికి గుర్తుండాలి. అక్కడ ఒకావిడ దీని ఫోను కోసం చూస్తూ ఉంటుంది."

"ఉంటే ఉంటుందిలే. మన పిల్ల ముఖ్యమా, ఎవరో ముఖ్యమా?"

"ఆ ఎవరో లేకపోతే మన పిల్ల లేదండి."

గదిలోకి వెళ్ళాక ఈయన, "నువ్వు ప్రతిదానికీ ఇంత రాద్ధాంతం చెయ్యాలా?" అన్నారు. మీరు కొంచెమైనా చేస్తే నేను ఇంత చెయ్యక్కర్లేదన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నారు.

మర్నాటి నుంచి నాకు ఒకటే ధ్యాస. అక్కడ యుద్ధం ఆగి, ఫోన్లు తెరిచేదాకా ఈ పిల్ల నోట్లో ఆ భాష బతకాలి. గిన్నెలు కడుగుతూ, జడ వేస్తూ, నాకొచ్చిన పది మాటలతో దాన్ని పలకరించేదాన్ని. నీళ్ళు, రా, కూర్చో, తిను, చెప్పులు. అది తెలుగులో జవాబిచ్చేది. "అమ్మా, వద్దు. అందరూ నవ్వుతారు." ఎవరూ లేరు కదే అంటే, "నువ్వు తప్పుగా పలుకుతున్నావు" అని లేచిపోయేది. బడిలో దానికి అప్పటికే 'ఆఫ్రికా' అని పేరు పెట్టేశారు. కనుక్కుందామని వెళితే టీచరుగారు, "పిల్లలండీ, వదిలేయండి. మీరు కూడా ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడించండి, కలిసిపోతుంది" అని సలహా ఇచ్చింది. నేను ఇంగ్లీషు లెక్చరర్ని. నాకు ఆ సలహా.

ప్రతి ఆదివారం ఫోను చేసేవాళ్ళం. కలిసేది కాదు. ఆ యుద్ధం గురించి మన పేపర్లలో ఒక్క ముక్క కనబడేది కాదు. టీవీలో పొద్దస్తమానం అరుపులే, అన్నీ ఇక్కడివే. అక్కడ ఆకలితో, మందుల్లేక జనం పోతున్నారని ఈయన పాత కొలీగు ఒకాయన, అక్కడివాడే, రాజధానికి బయటపడ్డవాడు, ఎప్పుడైనా మెసేజ్ పెట్టేవాడు. పక్కింటావిడకి చెబితే, "అయ్యో, ముందే వచ్చేశారు, అదృష్టవంతులు" అంది. ఎవరేం చెప్పినా చివరికి మా అదృష్టం దగ్గరికే వచ్చి ఆగుతారు వీళ్ళు.

పిల్ల పెరిగింది. ఈయనకి తణుకు దగ్గర ఒక కాలేజీలో ఉద్యోగం దొరికింది, మేం వేరే ఇల్లు తీసుకున్నాం. పిల్ల గోదావరి యాసలో గలగలా మాట్లాడుతోంది, ఇంగ్లీషు మార్కులు బాగా వస్తున్నాయి. కలిసిపోయింది. టీచరుగారు కోరుకున్నట్టే. ఒక రోజు నేను 'నీళ్ళు' అని ఆ భాషలో అడిగితే, నిజంగా అర్థం కాక నా మొహం చూసింది.

తర్వాత సంధి కుదిరిందన్నారు. ఫోన్లు ఒక్కొక్కటే తెరుస్తున్నారన్నారు. ఒక ఆదివారం ఆరాధన తర్వాత బావగారింట్లో భోజనాలకి కూర్చున్నాం. అలవాటుగా నంబరు నొక్కాను. రింగయింది.

ఎవరో ఎత్తారు. ఆ గొంతు ఎక్కడ విన్నా గుర్తుపడతాను. నేను నా పేరు చెప్పాను, పిల్ల పేరు చెప్పాను. అవతల ఒక్క కేక. నేను స్పీకరు పెట్టి ఫోను పిల్ల చేతికిచ్చాను. దాని చేతికి అన్నం ఉంది, అలాగే పట్టుకుంది. ఒకే ఒక్క మాట అంది. అది దాని స్నేహితురాలి పేరు. ప్రశ్నలా అంది.

ఇంటావిడ చెప్పడం మొదలుపెట్టింది. ఎంతసేపు చెప్పిందో! మధ్యలో ఏడ్చింది, మళ్ళీ చెప్పింది. ఆ తెగే 'క', ఆ లోతు 'హ' భోజనాల బల్ల మీద వరసగా వచ్చి పడుతున్నాయి. ఎవరూ నవ్వలేదు. పిల్ల మొహం తెల్లబోయింది. పెదాలు కదుపుతోంది, మాట రావడం లేదు. ఆవిడ మళ్ళీ మళ్ళీ దాని పేరు పెట్టి ఏదో అడుగుతోంది. లైను తెగిపోయింది.

అత్తయ్యగారు నెమ్మదిగా, "ఏమంటుందే తల్లీ?" అని అడిగారు.

"తెలీదు నానమ్మా" అంది నా కూతురు. "నన్ను మర్చిపొమ్మన్నారుగా."

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. నేను ఆవిణ్ణి ఓదార్చలేదు. నాలో అంత మంచితనం లేదు ఆ రోజు.

సంగతి రెండు రోజులకి ఈయన కొలీగు ద్వారా ఇంగ్లీషు మెసేజ్‌లో వచ్చింది. ఆ అమ్మాయి లేదు. మేమొచ్చిన మరుసటేడు జ్వరం వచ్చిందట, మందు దొరకలేదట. అంతే మెసేజ్. ఆవిడ అంతసేపు ఏడుస్తూ నా పిల్లకి చెప్పుకున్నది ఫోను తెర మీద రెండు లైన్లయింది.

మన దగ్గర చావు కబురు తెలిస్తే ఏం చేస్తాం? ఉన్నపళాన వెళతాం. పక్కన కూర్చుంటాం. ఏదో ఒకటి మాట్లాడతాం, మాటల్లేకపోతే చెయ్యి పట్టుకుంటాం. ఆవిడకి మేం చెయ్యీ ఇవ్వలేదు, మాటా ఇవ్వలేదు. ఆ ఫోనులో ఆవిడ విన్నది మా మౌనం. బావగారు వచ్చి "ప్రార్థనలో పెడదామమ్మా" అన్నారు. "పెట్టండి. ఆవిడకి వినబడేటట్టు పెట్టగలిగితే పెట్టండి" అన్నాను.

కొన్నాళ్ళకి ఒక పొద్దున పిల్ల, టిఫిను పళ్ళెం ముందు పెట్టుకుని, వాళ్ళ నాన్ననడిగింది.

"విశాఖపట్నంలో ఆ దేశం వాళ్ళు పీహెచ్‌డీలు చేస్తారన్నావుగా నాన్నా. వాళ్ళలో ఆ భాష వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటారా?"

నా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈయన ఒక పని చెప్పించుకోకుండా, వెంటనే చెయ్యడం అప్పుడే చూశాను. సాయంత్రానికల్లా నంబరు సంపాదించారు. ఆ పట్నానికి దగ్గర ఊరి అమ్మాయే, పరిశోధన చేస్తోంది.

శనివారం రైలెక్కాం, నేనూ పిల్లా. ఆ అమ్మాయి క్యాంటీన్లో మా ఎదురుగా కూర్చుని, "ఏం నేర్చుకోవాలి నీకు?" అని ఇంగ్లీషులో అడిగింది. "ఆవిడ కూతురు పోయింది. ఆవిడకి చెప్పాల్సిన మాట కావాలి" అంది నా పిల్ల. ఆ అమ్మాయి కాఫీ కప్పు పక్కకి జరిపింది. యుద్ధం జరిగిన రెండేళ్ళూ ఆ అమ్మాయికీ ఇంటి కబురు లేదని తర్వాత తెలిసింది. తమ దగ్గర అలాంటప్పుడు ఏమంటారో చెప్పింది. నెమ్మదిగా, ముక్కలు చేసి. పిల్ల అంది. ఆ అమ్మాయి కాదంది, మళ్ళీ చెప్పించింది. కాఫీ చల్లారిపోయింది.

తిరుగు రైల్లో పిల్ల కిటికీకి ఆనుకుని అదే వాక్యం అనుకుంటూ కూర్చుంది. గొంతులోంచి ఆ మాటలు పైకొస్తున్నాయి. తుని దాటాక ఎదురు సీటు పెద్దాయన నా వైపు వంగి, "పాపకి గొంతు నొప్పాండి? మిరియాల కషాయం పట్టండి, తగ్గిపోతుంది" అన్నారు.

"నొప్పి కాదండి. మాట్లాడుతోంది."

"ఏం భాషండీ అది?"

"మీకు నవ్వొచ్చే భాషండి. నవ్వుతారా?"

పాపం ఆయన నవ్వలేదు. పేపరు అడ్డం పెట్టుకున్నారు. పిల్ల నా మోచెయ్యి గిల్లి, "అమ్మా, ఆయనేం చేశాడే!" అంది. నిజమే, ఆయనేం చెయ్యలేదు. నేను ఎక్కడికక్కడ దాచుకున్నదంతా ఆయన మీద పడింది.

మర్నాడు ఆదివారం. బావగారూ అత్తయ్యగారూ మా ఇంటికొచ్చారు. ఈసారి పిల్ల ఫోను తీసుకుని గదిలోకెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను. రింగయింది, ఆవిడ ఎత్తింది. పిల్ల లేచి నిలబడి ఆ వాక్యం చెప్పింది, ఎక్కడా ఆగకుండా. తర్వాత ఆవిడ మాట్లాడింది, ఈసారి చిన్న చిన్న మాటలుగా. పిల్ల తలూపింది. ఏదో అంది. మళ్ళీ విన్నది. అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వు బయట ఉండమ్మా."

నేను బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను. హాల్లో బావగారు టీవీ పెట్టారు. వార్తలవాళ్ళు అరుస్తున్నారు.

"కొంచెం తగ్గించండి బావగారూ. పిల్ల ఫోనులో ఉంది."

"ఆఁ, ఈ ఒక్క వార్త అయిపోనీ అమ్మా. ఇంతకీ ఏమంటుంది ఆవిడ?"

నేను ప్లగ్గు పీకేసి, ఆయనకెదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.